ఒక గుక్క నీళ్లు

అమెరికాలోని ప్లెయిన్స్‌బరో ఊరి చరిత్ర ఎవరైనా రాస్తే 1983వ సంవత్సరాన్ని నవోమి నోటితో మొదలుపెట్టాలి. ఎదుటివాళ్లు మొదలుపెట్టిన మాటను పూర్తిచేసే శ్రమ ఆమె ఎన్నడూ వాళ్లకివ్వలేదు. సగంలో అందుకుని తానే ముగించేది. తెలుగు ప్రార్థన కూటంలో పాస్టరుగారికంటే ముందు ‘ఆమెన్’ పలికిన ఘనత కూడా ఆమెదే.

ఆమె ఉద్యోగం ఫ్యామిలీ కౌన్సెలింగ్. అంటే, వినడం.

ఇంట్లో పదిహేనేళ్ల కూతురు లూసీ మాట్లాడటం మానేసింది. పోట్లాట లేదు, అలక లేదు. బడినుంచి రావడం, తినడం, గదిలోకి పోవడం. పిల్ల పూర్తిగా చేజారిపోతోందని భయపడి నవోమి తన క్లినిక్‌లోనే పెద్ద సైకాలజిస్టు డాక్టర్ రోత్ ఎదుట కూర్చుంది. ఆయన యూదు మతగురువు రబ్బీగారబ్బాయి; మనిషి తన గుణాలను ఒక్కొక్కటిగా దిద్దుకోవాలనే పాత యూదు బోధ వింటూ పెరిగినవాడు.

“మిసెస్ నవోమి, రేపటినుంచి మీరు...”

“ఓపిక పట్టాలి, అంతేగా సార్?”

ఆయన బల్లమీది గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. తీరిగ్గా మింగాడు.

“నీళ్లు తాగాలి. మాట నాలుకమీదికి రాగానే ఒక గుక్క. మన అహంకారం కంటికి ఆననంత చిన్న పనితో మొదలుపెట్టమన్నారు మా పెద్దలు. యూనివర్సిటీలో దీన్నే బిహేవియర్ మార్చడం అన్నారు. గ్లాసు మాత్రం ఒకటే.”

“మీకెన్నాళ్లు పట్టింది?”

“ఇంకా తాగుతున్నానుగా!”

నవోమి ఆ గ్లాసు వంక చూసింది. ఈ గదిలో భార్యాభర్తలు అరుచుకుంటుంటే ఆయన గ్లాసెత్తడం ఇన్నేళ్లుగా చూస్తోంది. పాపం, దాహం ఎక్కువనుకుంది. ఒక్కో గుక్కతో ఒక్కో మాట మింగుతున్నాడన్నమాట ఈ మహానుభావుడు!

ఆ సాయంత్రం అన్నం దగ్గర లూసీ నోరు విప్పింది.

“మమ్మీ, ఈ చేపల పులుసు...”

‘బావుంది కదా, ఇంకాస్త వేస్తానుండు’ అనే మాట ఎప్పటిలాగే నాలుక చివరికొచ్చింది. గరిటె కూడా లేచింది. నవోమి గరిటె దించి, గ్లాసెత్తి, నీళ్లు నోట్లో నిలిపింది. మోషే ఎదుట సముద్రం చీలినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం ఉండి ఉండదు.

“ఆర్ యూ ఓకే, మమ్మీ?”

తల ఊపింది.

“నువ్వేం అనవా?”

తల అడ్డంగా ఊపింది. లూసీ ఆమెను వింతగా చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

“మరి... ఐ హేట్ ఇట్, మమ్మీ. చిన్నప్పట్నుంచీ.”

నవోమి నీళ్లు మింగింది. లూసీకి చేపల పులుసు ఇష్టం లేదు.