అటు నాలుగు, ఇటు నాలుగు

లెక్కల్లో పరమ మూల్యం, అదే ఆబ్సల్యూట్ వాల్యూ, అన్న మాట వింటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడో తరగతిలో మా లెక్కల సారు దాన్ని ఒక్క నిమిషంలో తేల్చేశాడు. "రెండు నిలువు గీతలు గీయండి, మైనస్ చెరిపేయండి, అంతే." ఎందుకు చెరపాలని అడిగితే, "పరీక్షలో అడగరులే, కూర్చో" అన్నాడు. పాఠం చెప్పే మొహమేనా అది!

మాది కడప జిల్లాలో ఒక నేతగాళ్ళ వీధి. ఆ ఏడాది పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు దారాలను, వీధి పొడవునా చాచి గంజి పెట్టేటప్పుడు, చీర చీరకూ రంగు గుర్తు పెట్టే పని అమ్మ నాకిచ్చింది. ఐదున్నర మీటర్లకొక గుర్తు. అక్కడిదాకా నేసి ఆమె ఇంకో చీర మొదలుపెడుతుంది. నా ధ్యాసంతా ఫోన్లో ఉంది. ఒక గుర్తు నాలుగంగుళాలు ముందే పడింది, మిగతావి సరిగ్గానే ఉన్నాయి. చూశాను. చూసి కూడా, ఈ చీరకు మైనస్ నాలుగు, పక్క చీరకు ప్లస్ నాలుగు, కలిపితే సున్నా, పడుగు మొత్తం సరిపోయింది కదా అనుకున్నాను. తెలివి తెల్లారినట్టే ఉంది! రంగు ఆరేలోపు లేచి వెళ్ళిపోయాను.

నేసిన చీరలు తీసుకుని అమ్మా నేనూ మాకు నూలిచ్చే చేనేత సొసైటీకి పోయాం. మేనేజరు పదిమంది ముందు టేపు పెట్టి కొలిచి, ఆ రెండు చీరల్నీ బల్ల మీంచి తోసేశాడు. ఎంగిలి విస్తరి తోసినట్టు తోశాడు.

"ఇది నాలుగంగుళాలు తక్కువుండాది, అది నాలుగు ఎక్కువుండాది. ఏం నేస్తాండావమ్మా? ఇంకోసారి ఇట్లయితే నీకు నూలిచ్చేది లేదు."

నూలు రాకపోతే మా మగ్గం ఆగినట్టే. అప్పుడర్థమైంది నాకు, మైనస్ ఎందుకు చెరపాలో. తప్పు ఎటు పోయిందని ఎవరూ అడగరు, ఉండాల్సిన చోటి నుంచి ఎంత దూరం పోయిందనే అడుగుతారు. అటు నాలుగు, ఇటు నాలుగు కలిస్తే సున్నా కాదు, ఎనిమిది. రెండు చీరలూ చెడిపోయాయి. లెక్కల సారు మీద అసహ్యం వేసింది, ఆ మేనేజరు మీద వేసింది, అన్నిటికన్నా నా మీద నాకు వేసింది.

అమ్మ తల దించుకుని, "నాదే తప్పు సార్, గుర్తు సరిగ్గా చూసుకోలా" అంది. గుర్తు పెట్టింది నేనని ఆమెకు తెలుసు. నేను ఆమె వెనకాలే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు.

తర్వాతి పడుగు చాచిన రోజు టేపు కోసం నేను చెయ్యి చాపాను. "నువ్వు పోయి చదువుకోమ్మా" అని, దాన్ని పక్కింటి అక్కకు ఇచ్చింది.