సరైన ఏడాది ఇంజన్

బాబాయ్ పోయారన్న కబురు ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా అందింది. ఫోన్ చేసింది పిన్ని. జర్మన్‌లో రెండు ముక్కలు చెప్పి, "గుండె" అన్న మాట మాత్రం తెలుగులో అంది. ఆయన నాకు చుట్టం కాదు. తూర్పు జర్మనీలోని కెమ్నిట్జ్‌కి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలందరికీ ఆయన బాబాయ్, ఆయన్ని చేసుకున్న జర్మన్ ఆవిడ పిన్ని. ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు.

బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో ఇంజనీరింగ్ చదవడానికి కాకినాడ నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. నేను మొదటిసారి వెళ్లింది ఊళ్లో చిరునామా నమోదు చేయించుకునే అన్మెల్డుంగ్ కాగితం ఎలా నింపాలో అడగడానికి. ఆయన నన్ను ఇంటి వెనక గ్యారేజీలోకి తీసుకెళ్లి గోడకి అంటించిన ఫొటోలు చూపించారు. అన్నీ పాత అమెరికన్ కార్లు, వెనకవైపు నుంచి తీసినవి.

"ఇందులో ఏది ముందు ఏడాదిది, ఏది తర్వాతిది? అది చెప్పు, నీ కాగితం సంగతి తర్వాత చూద్దాం."

"అన్నీ ఒకేలా ఉన్నాయి బాబాయ్."

"నీవి అంబాసిడర్ కళ్లురా. నీ తప్పు కాదులే."

ఆ రోజు నుంచి శనివారం వస్తే అదే బడి. పంతొమ్మిది వందల యాభై ఏడులో చాలా కార్లకి రెండే హెడ్‌లైట్లు, యాభై ఎనిమిదికి నాలుగు. యాభై తొమ్మిదికి వెనక రెక్కలు ఆకాశాన్నంటాయి, ఆ తర్వాత ఏడాదికేడాది కుంచించుకుపోయాయి. అరవైల్లో ఇంజన్లు బలిశాయి, డెబ్బైల్లో పొగ మీద చట్టాలొచ్చి వాటికి ఆయాసం పట్టుకుంది. కొత్త మోడల్ వచ్చే ముందు షోరూము అద్దాలకి కాగితాలు అంటించి దాచేవాళ్లట, జనం సందుల్లోంచి తొంగి చూసేవాళ్లట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవారు. పాఠం అయ్యాక మా పనులూ చూసేవారు. వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరక్క నేను ఏడుపు మొహం పెడితే, చలిలో నాతోపాటు ఆ ఆఫీసు ముందు నిలబడ్డది ఆయనే.

కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "గదేంది బాబాయ్, ఏడాదికో మొకం? ఉన్నది మంచిగనే ఉండె గదా?"

"మంచిగానే ఉందిరా. పక్కింటాడి కొత్త బండి చూసి నీది పాతదని నీకు అనిపించాలి, అదీ వాళ్ల ఎత్తు. తెలిసే మోజు పడ్డాను. నేను పుట్టిన చోట కారు మారలేదు, చదువుకోడానికొచ్చిన చోటా మారలేదు. ఇక్కడైతే దరఖాస్తు పెట్టి ఏళ్లు కాచుక్కూచుంటే మళ్లీ అదే డబ్బా వచ్చేది. వచ్చే ఏడు ఇంకోలా ఉంటుందని ఆశపడ్డం ఎలా ఉంటుందో మాకు తెలీదురా."

గ్యారేజీ మధ్యలో ఆయన సొంత బండి ఉండేది. యాభై ఏడు మోడల్, లేత ఆకుపచ్చ. ఎవరో అమెరికన్ సైనికుడు ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వదిలేసి పోతే, చేతులు మారి మారి ఈయన దగ్గరికి చేరింది. క్రోమ్ అంతా ఆయనే మెరుగుపెట్టారు, సీట్లు పిన్ని కుట్టింది. లోపల ఇంజన్ మాత్రం లేదు, ముందే ఎవరో పీకి అమ్ముకున్నారు. అది దొరికాక పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని డ్రెస్డెన్ దాకా వెళ్లి ఎల్బే నది ఒడ్డున బండి ఆపాలని ఆయన కోరిక.

యాభై ఎనిమిది ఇంజన్ ఒకటి లైప్‌జిగ్‌లో ఉందని మేమే కనుక్కున్నాం. బోల్టులన్నీ సరిపోతాయి. ఆయన వెళ్లి చూసి, దాన్ని కాసేపు తడిమి, వదిలేసి వచ్చారు.

"సిలిండర్ పెద్దది చేశార్రా. గొంతు మారిపోతుంది. నాకు యాభై ఏడు గొంతు కావాలి."

"నాకు ఏ ఏడాదిదైనా ఒకటే," అంది పిన్ని, టీ కప్పులు పెడుతూ. "వయసు మీద పడుతున్నది నాకు, ఆ కారుకి కాదు."

ఆయన నవ్వి, "వచ్చే ఏడు దొరుకుతుందిలే" అన్నారు. ఏటా అదే మాట. అంత ఓపికా అంత మొండితనమూ ఒకే మనిషిలో నేను మళ్లీ చూడలేదు. ఒక్కోసారి ఆయన మీద ఒళ్లు మండేది కూడా. ఇప్పుడు ఆ మొండి మాట ఇంకొక్కసారి వినాలని ఉంది.

అంత్యక్రియలయ్యాక కొన్నాళ్లకి పిన్ని నన్నూ నా పాత రూమ్మేట్‌నీ పిలిపించింది. లైప్‌జిగ్ ఇంజన్ ఇంకా ఉందా అని అడిగింది. మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన బడిలో చదువుకున్నవాళ్లం కదా.

"అది యాభై ఎనిమిది పిన్నీ," అన్నాను. "బాబాయ్ వద్దన్నారు."

"ఆయన ఇంజన్ కోసం ఎదురుచూశాడు. నేను ఆయన కోసం ఎదురుచూశాను," అంది జర్మన్‌లో. "ఇంక నా వల్ల కాదు."

లైప్‌జిగ్ నుంచి ఇంజన్ తెచ్చి, తర్వాతి శనివారాలన్నీ కెమ్నిట్జ్ వెళ్లి దానికే పెట్టాం. మొన్నటికి సిద్ధమైంది. పిన్ని మంచి కోటు వేసుకుని వచ్చి కుడివైపు సీట్లో కూర్చుంది. డ్రైవరు సీట్లోకి ఎక్కడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు. నేను బయటే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. ఇంజన్ కాస్త దగ్గి అందుకుంది. గ్యారేజీ రేకులు అదిరాయి.

"ఆయన వినాలనుకున్నది ఇదేనా?" అని అడిగింది పిన్ని.

అబద్ధం చెప్పలేకపోయాను. "కాదు పిన్నీ. దగ్గరగా ఉంటుంది."

"చాలు," అంది తెలుగులో.

ఖాళీ సీటు ముందు ఆ పెద్ద స్టీరింగ్ సన్నగా వణుకుతోంది. పిన్ని ఎడమచెయ్యి చాచి దాన్ని పట్టుకుంది. ఆపమని ఆమె అనలేదు. నేనూ తాళం వెనక్కి తిప్పలేదు.