నా దగ్గర ఉండిపోయిన ఆది జాకెట్టు

నాకు ప్రార్థన చేయడం వచ్చు. దాన్ని గొప్పగా చెప్పుకు తిరిగిన రోజులున్నాయి కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. మా చర్చి సంఘంలో ఎవరు కొత్తిల్లు కట్టుకున్నా, ఎవరి పిల్లలకు పరీక్షలున్నా, ఆఖరికి ఎవరి గేదె మేత ముట్టకపోయినా నాకే కబురు వచ్చేది. కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకున్నానంటే మాటలు వాటంతట అవే వచ్చేవి. వింటున్నవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకోకపోతే ఆ ప్రార్థన నాకే చప్పగా ఉండేది. ఆ నోటితోనే ఒక ఆడపిల్ల కాపురం కూల్చాను.

మా ఊరు పినపాక దగ్గర, గోదావరికి బాగా దగ్గర. నాది కుట్టుపని. మా ఆయన పోయి పదిహేనేళ్ళయింది, పిల్లలు లేరు. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు మిషను పక్కన చాప మీద కూర్చుని మనసులో మాటలు చెప్పుకునేవారు. కుట్టే మనిషి తలెత్తి చూడదు కదా, ఏ మాటైనా సులువుగా చెప్పేయవచ్చు.

ఆ పిల్ల మా సంఘంలోనే ఒక ఇంటికి కోడలుగా వచ్చి అప్పటికి ఏడాది. ఒకరోజు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ, దానితోపాటు కొలతకని తన ఆది జాకెట్టు తెచ్చి ఇచ్చింది. ఇచ్చి వెళ్ళలేదు. గుడ్డ అంచు మడతలు పెడుతూ, విప్పుతూ చాలాసేపు కూర్చుని, చివరికి చెప్పింది. పెళ్ళికి ముందు నుంచీ తనకు మనసు బాగుండదట. ఖమ్మంలో ఒక డాక్టరు చూస్తున్నాడు. రోజూ మాత్ర వేసుకుంటే అందరిలాగే ఉంటుంది. అత్తగారింట్లో ఎవరికీ తెలియదు. నెలకోసారి అమ్మను చూసొస్తానని చెప్పి ఖమ్మం వెళ్ళొస్తోంది.

"ఎవరికి చెప్పకక్కా. నా కోసం ప్రార్థన చెయ్యి, గంతే," అంది.

"నా నోట్లకెళ్లి బయటికి రాదు బిడ్డా," అన్నాను. అప్పుడు నిజంగానే అన్నాను.

ఆ వారం శుక్రవారం ఉపవాస ప్రార్థన. మా కూడికల్లో చాడీలు చెప్పకూడదు, ప్రార్థన మనవులు మాత్రం ఎన్నైనా చెప్పొచ్చు. పేరు ఎత్తకపోతే గుట్టు దాచినట్టే అనుకునే జనం మేము. నా వంతు వచ్చింది. "మన మధ్యల ఒక చిన్న చెల్లె ఉన్నది ప్రభువా" అని మొదలుపెట్టాను. అక్కడితో ఆపితే పోయేది. ఎవరికీ ఏడుపు రాలేదు. అందుకని ఇంకాస్త చెప్పాను. ఖమ్మం డాక్టరు సంగతి చెప్పాను, మాత్రలు చెప్పాను, అమ్మను చూడటానికని చెప్పి వెళ్ళాల్సి వస్తోందని కూడా చెప్పాను. అప్పుడు ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. నా కడుపు నిండింది.

అందరూ ఆమేన్ అన్నారు. ఆ పిల్ల అత్త కూడా అంది. ఆమె రెండో చాప మీద ఉందని నాకు తెలియక కాదు. కళ్ళు మూసుకుంటే నా గొంతు తప్ప నాకింకేమీ వినపడేది కాదు, అంతే.

ఇంటికి నడుచుకుంటూ పోతూనే ఆమె అంతా కలిపి చూసుకుని ఉంటుంది. ఆదివారం వాళ్ళింటి ముందు ఆటో ఆగింది. "పిచ్చిదాన్ని తెచ్చి అంటగట్టిన్రు" అని అత్త వాడంతా వినేలా అరిచింది. మొగుడు గుమ్మంలో నిలబడి చెప్పుల వంక చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ పిల్లను పర్ణశాల దగ్గర పుట్టింటికి పంపేశారు. ఆటో మా ఇంటి ముందు నుంచే పోయింది. తను ఇటు తిరగలేదు. ఆకుపచ్చ గుడ్డ అప్పటికింకా కత్తెర పడకుండా నా మిషను మీదే ఉంది.

ఆ రోజు నుంచి మూడేళ్ళు నేను గొంతు విప్పి ప్రార్థన చేయలేదు. చేయబోతే నా గొంతే నాకు రోత పుట్టేది. మోకాళ్ళ మీద ఎన్నిసార్లు దేవుణ్ణి క్షమించమన్నానో లెక్కలేదు. అడిగిన ప్రతిసారీ ఆటోలో అటు తిప్పుకున్న ఆ మొహమే కనిపించేది. పాస్టరు అయ్యగారికి అంతా చెప్పాను. "అడిగినవ్ కదమ్మా, దేవుడు క్షమించిండు. నమ్ము," అన్నాడు. నమ్మడం ఆయనకేం, సులువే. ఆయన ఎవరి కాపురమూ కూల్చలేదు.

నెల మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల, అంటే యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. మనసులో పాపం మోస్తున్నవాళ్ళు దాన్ని ముట్టకూడదు. రొట్టె ముక్కల పళ్ళెం వరసలో నా దగ్గరికి వస్తే, ముట్టకుండా పక్కామెకు అందించేదాన్ని. మూడేళ్ళూ అంతే. దాన్ని కూడా కొందరు నా భక్తి అనుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

కుట్టుకు వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వడం మానేశాను. గుమ్మంలోనే గుడ్డ తీసుకుని, గుమ్మంలోనే ఇచ్చేదాన్ని. ఎవరైనా "అక్కా, నీకో మాట" అని మొదలుపెడితే పొయ్యి మీద అన్నం మాడుతోందని లోపలికి పోయేదాన్ని. కొన్నాళ్ళకు జనమే మాట్లాడటం మానేశారు. ఒక మనిషికి వండుకోవడం, ఒక కంచం కడుక్కోవడం. పొద్దుటి నుంచీ ఎవరితోనూ మాట్లాడని రోజు సాయంత్రం దగ్గు వస్తే, అది ఎవరిదో అన్నట్టు ఉలిక్కిపడేదాన్ని. ఒంటరితనం నాకు కొత్త కాదు. ఇది మాత్రం వేరు. దేవుడు కూడా ఇంట్లో లేనట్టుండేది.

పోయిన వానాకాలం గోదావరి పెరిగి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. నీళ్ళొస్తే తడుస్తాయని ట్రంకు పెట్టెలో బట్టలు తీసి అటక మీదికి ఎక్కిస్తుంటే అడుగున సంచి దొరికింది. ఆకుపచ్చ గుడ్డ, ఆది జాకెట్టు. వరద మా వీధి దాకా రాకుండానే తగ్గింది. నేను ఆ గుడ్డ కత్తిరించి, ఆది ప్రకారం కుట్టి, దారులు తెరుచుకోగానే బయలుదేరాను. మణుగూరు బస్సు, భద్రాచలం బస్సు, అక్కడి నుంచి పర్ణశాల వెళ్ళే యాత్రికుల ఆటోలో ఒక మూల. వెళ్ళి ఏం చెప్పాలో దారంతా అనుకున్నాను. ఒక్క మాటా నిలవలేదు.

నేను ఫలానా అని చెప్పగానే వాళ్ళమ్మ పరుగున వచ్చింది. "అక్కా, మీ ప్రార్థనల గురించి మా బిడ్డ ఎంత చెప్పేదో! రాండ్రి, కూసోండ్రి," అని కుర్చీ తుడిచింది. గుట్టు బయటపెట్టింది నేనేనని ఈమెకు తెలియదు. మూడేళ్ళూ ఆ పిల్ల కన్నతల్లికి కూడా చెప్పలేదు.

ఆ పిల్ల ఇప్పుడు ఊళ్ళో ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. బడి నుంచి వచ్చి, నన్ను చూసి గుమ్మంలో ఆగింది. జాకెట్టు ఇచ్చాను. లోపలికి వెళ్ళి తొడుక్కుని చూసి, విప్పి తెచ్చింది.

"పాత ఆదితోని కుట్టినవక్కా. ఇప్పుడు పడ్తలేదు. లోపల గుడ్డ వదిలినవా?"

"వదిలిన."

బ్లేడు తెచ్చి ఇచ్చింది. పక్కల్లో మేం రెండు వరసల కుట్టు వేస్తాం, లోపలిది విప్పితే జాకెట్టు వదులవుతుంది. వాళ్ళమ్మ టీ పెట్టడానికి పోయింది. నేను తలొంచుకుని కుట్లు విప్పుతూ, "ఆ శుక్రవారం..." అన్నాను.

"ఎరుకే అక్కా."

"నన్ను క్షమించు బిడ్డా."

"ఒక్కదినంల అయ్యేది కాదది. నాకింకా కోపమున్నది. లేదని అబద్ధం చెప్పను," అంది. నాకు నొప్పి పుట్టింది. అయినా అంత శుభ్రమైన మాట ఎవరి నోటా విని చాలా కాలమైంది.

టీ తాగి లేచాను. మాలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ప్రార్థన చేయకుండా గడప దాటరు. "ఒక్క ప్రార్థన చేసి పోండ్రి అక్కా," అని వాళ్ళమ్మ అప్పటికే కొంగు కప్పుకుంది. నేనూ కొంగు కప్పుకున్నాను. ప్రభువా అన్న ఒక్క మాట కూడా రాలేదు.

"నేను చేస్తనమ్మా," అంది ఆ పిల్ల.

ఇప్పుడు తల్లి ముందు అంతా చెప్పేస్తుంది అనుకున్నాను. చెప్పినా న్యాయమే. నేను చేసింది అదే కదా.

"ప్రభువా, ఈ అక్క గింత దూరం ఎందుకొచ్చిందో నీకెరుక. అది నీకు, నాకు, అక్కకు మధ్యనే ఉండనీ. అక్కను ఒక్కదాన్ని చెయ్యకు. ఆమేన్."

అంతే. మూడు ముక్కలు. నేను ఆమేన్ అనలేక ఏడ్చాను.

"ఏంది బిడ్డా, అక్కకేమన్న కష్టమా?" అని తల్లి ఆత్రంగా అడిగింది.

"అవ్. మనకెందుకమ్మా," అంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మనకెందుకమ్మా అన్న ఆ మాటే తిప్పి తిప్పి అనుకున్నాను. నా సంగతంతా తెలిసి, కోపం కూడా తీరకుండానే, నా మీద కొంగు కప్పింది. ఒక మనిషే ఇంత చేయగలిగితే, మూడేళ్ళు నేను అడిగిన దేవుడు ఇంతకంటే తక్కువవాడా? ఆయన ఎప్పుడో క్షమించే ఉంటాడు. పళ్ళెం ప్రతి నెలా నా దాకా వస్తూనే ఉంది, దాటించింది నేనే.

ఆ తర్వాతి నెల మొదటి ఆదివారం పళ్ళెం వచ్చింది. ఒక ముక్క తీసుకున్నాను. పక్కామె ఆశ్చర్యంగా చూసింది. ఆరాధన అయ్యాక ఏదో అడగబోతే, ఏమీలేదు వదినా అని వచ్చేశాను.

ఇంటికొచ్చి తాళం తీస్తే ఎప్పటిలాగే ఎవరూ లేరు. తలుపు వేసి, గడియ పెట్టి, ఆ పిల్ల పేరు పెట్టి, గొంతు విప్పి ప్రార్థన చేశాను. ఏడవడానికి ఎదురుగా ఒక్కరూ లేరు. చివర్న ఆమేన్ కూడా నేనే చెప్పుకున్నాను.