నా కొలతకు కట్టుకున్న పట్టీ

సముద్రంలో దిగేవాళ్లు వేసుకునే బీసీడీ మీద మా ఇంట్లో జరిగినంత గొడవ, ఐర్లండ్‌లోని ఈ కార్క్‌లో అద్దె ఇల్లు దొరక్క తిరిగిన రోజుల్లో కూడా జరగలేదు. బీసీడీ అంటే బ్రహ్మపదార్థమేం కాదు. గాలి సిలిండర్‌ని వీపుకు కట్టి ఉంచే తొడుగు. దానికొక గాలితిత్తి ఉంటుంది. మీట నొక్కి గాలి నింపితే పైకి తేలుతాం, వదిలితే కిందికి దిగుతాం. ఇంత మాత్రం దానికి నన్ను డైవింగ్ క్లబ్బులో మొండిఘటం అన్నారు, ఇంట్లో మూర్ఖురాలన్నారు. అననీ. ఎవరి నోటికి నేను అడ్డం పడగలను?

నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని, ఐసీయూలో పని. నలభై దాటాక ఈతకొలనులో మొదటిసారి నీళ్లడుగున ఊపిరి పీల్చాను. అక్కడ నన్ను ఎవ్వరూ పిలవలేదు. బెల్లు మోగలేదు, మానిటర్ కూయలేదు, "మమ్మీ, నా సాక్స్ ఎక్కడ" అనే కేక లేదు. అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఇది నాకు కావాలి అనుకున్నాను. చలికాలమంతా కొలనులో నేర్చుకుని, వేసవిలో సముద్రంలో పరీక్ష పాసైతే అప్పుడు ఎవరితోనైనా కలిసి దిగవచ్చు. పాసవకపోతే మళ్లీ ఏడాది దాకా గట్టు మీద కూర్చుని దిగినవాళ్లకు టీ పోయడమే. టీ పోయడానికి నేను క్లబ్బులో చేరలేదు.

మొదటి బీసీడీ మా ఆయన కొన్నాడు. ఆన్‌లైన్‌లో సైజుల దగ్గర ఆగి, "స్మాల్ ఎందుకే, మీడియం తీసుకుందాం. రేపు కాస్త ఒళ్లొచ్చినా సరిపోద్ది. పిల్ల పెద్దదయ్యాక దానిక్కూడా పనికొస్తది" అన్నాడు.

"ఇదేమన్నా స్కూలు యూనిఫారమా అండీ?" అన్నాను.

విన్నాడా? వినలేదు. మనవాళ్లకి ఇదొక జబ్బు. ఒంటి మీద వేసేది ఏదైనా ఒక సైజు పెద్దదే కొంటారు. నా చిన్నప్పటి గౌనులు ఏనాడూ నాకు సరిపోలేదు, సరిపోయే నాటికి చిరిగిపోయేవి. ఆ లెక్కన వచ్చింది నా మీడియం.

అది జాకెట్ రకం. చంకల కిందా పక్కలకీ పొట్ట మీదికీ గాలి నిండుతుంది. నీటి పైన ఉన్నప్పుడు కుర్చీలో కూర్చోబెట్టినట్టు మనిషిని నిలువుగా, తల పైకి పెట్టి ఉంచుతుందని దానికి పేరు. నా విషయంలో మాత్రం నేను గాలి నింపగానే జాకెట్ తేలింది, నేను తేలలేదు. భుజాలు చెవుల దాకా ఎగిరాయి, గడ్డం కాలర్‌లో మునిగింది, కింద నేను కాళ్లు కొట్టుకుంటున్నాను.

మాకు నేర్పే అతను ఇక్కడి కార్క్ మనిషే, తాటిచెట్టంత పొడుగు. మంచివాడే. "రిలాక్స్, గర్ల్. యు ఆర్ గ్రాండ్" అన్నాడు, ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే ఉన్నావని. మళ్లీ అదే జరిగేసరికి, నువ్వు నీటికి భయపడుతున్నావు, దాంతో పోట్లాడుతున్నావు అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. రోజూ భయాన్ని చేత్తో పట్టుకుని కూర్చునే పని నాది. భయం ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఇది భయం కాదయ్యా, వదులు చొక్కా!

సరే, సైజు తప్పేమో అని క్లబ్బు వాళ్ల చిన్న జాకెట్ వేసుకున్నాను. ఇది సరిగ్గానే పట్టింది, మరీ పట్టింది. ఐర్లండ్ చలికి లోపల ఉన్ని బట్టలు, వాటి మీద నీరు చొరని డ్రై సూట్, దాని మీద ఇది. గాలి నింపితే పక్కటెముకలు నొక్కేసి ఊపిరి సగంలో ఆగేది. తరవాత గాలి అంతా వీపు వెనకే నిండే మెత్తటి రకం తొడిగాను. ఛాతీకి విముక్తి. నీళ్లలో బోర్లా, చాప మీద పడుకున్నంత తిన్నగా ఉన్నాను. కానీ అది ఎవరో పొడుగాటి మగవాడికి కుట్టింది, నడుం పట్టీ నా తుంటి మీద కూర్చుంది.

చివరికి క్లబ్బు ప్రెస్‌లో, ఇక్కడ అలమరాని ప్రెస్ అనే అంటారులెండి, ఎవరూ వాడని, వీపుకు ఆనించి కట్టుకునే స్టీలు పలక ఒకటి దొరికింది. దాని వెనక గాలితిత్తి బిగిస్తారు, దాన్నే వింగ్ అంటారు. భుజాలకూ నడుముకూ కలిపి ఒకటే పొడుగాటి పట్టీ. కాళ్ల సందుగా ఇంకో పట్టీ వచ్చి నడుము దగ్గర కలుస్తుంది, కాబట్టి పైకి ఎగరమన్నా ఎగరదు. సైజుల గోలే లేదు. ఎవరి ఒంటికి వారు కొలుచుకుని పట్టీ కోసుకోవడమే. కొత్త పట్టీ తెచ్చి వంటింటి బల్ల మీద కొలిచి కోశాను. జడరిబ్బను చివర కాల్చినట్టు పట్టీ అంచులు పొయ్యి మంట మీద కాల్చి అతికించాను. స్టీలు బరువు ఎటూ ఉంది కాబట్టి మునగడానికని నడుముకు కట్టే సీసం కూడా తగ్గింది.

నేర్పే అతను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది అనుభవం ఉన్నవాళ్లది. భుజాల దగ్గర విప్పే క్లిప్పులు లేవు. డ్రై సూట్ వేసుకున్న అంత లావు చేతులతో నీళ్లలో దీన్లోంచి బయటికి రాలేవు. పైకొచ్చాక వీపున గాలి నీ ముఖాన్ని నీళ్లలోకి తోస్తుంది. పరీక్షలో నేను నిన్ను విడిపించాల్సి వస్తే ఫెయిలే."

న్యాయంగానే చెప్పాడు. రబ్బరు బోటు ఎక్కాలంటే ముందు నీళ్లలోనే సామాను విప్పి పైకి అందించాలి, అదీ పరీక్షలో భాగమే.

ఇంట్లో ఈయన అందుకున్నాడు. "పుట్టినప్పట్నించీ ఈ సముద్రం చూస్తున్నారు వాళ్లు. వాళ్లకన్నా నీకెక్కువ తెలుసా?"

"సముద్రం సంగతి వాళ్లకే తెలుసు. నా భుజాల సంగతి నాకు తెలుసు."

మా పిల్ల ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మామ్, ఇట్స్ ఓన్లీ అ జాకెట్, లైక్" అంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ఆంటీ నా చెయ్యి పట్టుకుని, "ఈ వయసులో నీళ్లల్లోకెందుకమ్మా? నీకోసం ప్రార్థన చేస్తాలే" అంది. "నాకు కాదాంటీ, మా మాస్టారికి మనసు మారాలని చెయ్యండి" అన్నాను.

పట్టీలోంచి బయటికి రావడం ఎలా? కొలనులో మొదట నేనూ అందరిలాగే చెయ్యి లాగాను. రాలేదు. అప్పుడు తట్టింది. మా ఇంట్లో అమ్మా పిన్నులూ అక్కలూ అందరికీ ఒకటే గది, తలుపుకి గడియ ఉండేది కాదు. నైటీ వేసుకుని దాని లోపలే బట్టలు మార్చుకునేవాళ్లం. అప్పుడు చెయ్యి లాగకూడదు, ముందు మోచెయ్యి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, లోపలి నుంచే పైకి తిప్పితే ఎంత బిగుతు గుడ్డలోంచైనా చెయ్యి జారిపోతుంది. తెలుగింట్లో పెరిగిన ఏ ఆడపిల్లకైనా ఇది ఒకరు నేర్పాలా? నడుం బకిల్ విప్పాను, మోచెయ్యి తిప్పాను, పట్టీ భుజం దిగిపోయింది. గట్టు మీద అతను నోరు తెరిచాడు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?"

"నైటీలో" అన్నాను. అర్థం కాలేదు పాపం. నేనూ చెప్పలేదు.

పరీక్ష వెస్ట్ కార్క్ తీరంలో, పెట్టేదీ అతనే. ఆ రోజు గాలి, సన్నటి వాన. బోటు అంచు మీంచి నీళ్లలోకి దొర్లాను. కింద సముద్రపు నాచు అడవిలా ఊగుతోంది, ఒక పీత నన్ను చూసి రాయి కిందికి తప్పుకుంది. ఒంటి మీద ఏదీ ఎగరడం లేదు, నొక్కడం లేదు. కాళ్లు కొట్టుకోకుండా ఉన్నచోటే ఉన్నాను. ఏడుపొచ్చింది, మాస్కులో ఏడిస్తే ముక్కు తుడుచుకునే వీలు లేదని మానుకున్నాను.

పైకి వచ్చాక తప్పు జరిగింది. జాకెట్ రోజుల అలవాటులో వింగ్ నిండా గాలి కొట్టేశాను. నోట్లోంచి గాలిగొట్టం తీయగానే, అతను చెప్పినట్టే, వీపున ఎవరో చెయ్యి పెట్టి తోసినట్టు ముఖం నీళ్లలో పడింది. ఉప్పునీళ్లు గొంతులోకి పోయాయి. అతని చెయ్యి నా భుజం పట్టీ మీదికి వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుంటే అంతే, ఫెయిల్. దగ్గుతూనే విదిలించి కొట్టాను. సగం గాలి వదిలాను. పడక్కుర్చీలో వాలినట్టు వెనక్కి వాలి కాళ్లు ముందుకు చాపాను. ముఖం ఆకాశం వైపు తిరిగింది, వాన చినుకులు కళ్లలో పడ్డాయి. బకిల్ విప్పాను, మోచెయ్యి తిప్పాను. సామాను మొత్తం పైకి అందించి, బోటులోకి బోర్లా పొర్లి పడ్డాను.

నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అతను ఎదురుగా కూర్చుని నా వంకే చూస్తున్నాడు. ఈ వేసవి నాదో కాదో అతని నోట్లో ఉంది.

"ముఖం మీద పడ్డావు. జాకెట్ అయితే నీ తల ఎత్తి పట్టుకునేది" అన్నాడు.

"నిజమే. పట్టుకునేది" అన్నాను. "ఇవాళ నేనే ఎత్తుకున్నాను."

అతను బోటు ఇంజన్ వైపు తిరుగుతూ, "పాసయ్యావు. వచ్చే ఆదివారం ఎవరితో దిగుతావు?" అన్నాడు.

"ఎవరైనా సరే. అడక్కుండా నా పట్టీ పట్టుకోకపోతే చాలు" అన్నాను.