నాచారం దుకాణంలో నా కాలి అచ్చు

ఉదయం ఆరూ యాభైకి ఆలేరు బస్టాండులో వరంగల్ నుంచి వచ్చే ఉప్పల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది కానీ నా చూపు బయటికి పోలేదు, ఎడమ బూటు మీదే ఉంది. దాని అడుగు ముందువైపు నోరు తెరిచింది. రాత్రి బంక పూసి, పైన ఇటుక పెట్టి పడుకున్నాను. బస్టాండుకు నడిచిన పది నిమిషాలకే మళ్లీ విడిపోయింది.

నా ఎడమ కాలు కుడికాలి కంటే రెండున్నర అంగుళాలు పొట్టి. పసితనంలో పోలియో వచ్చింది. పాదం కూడా చిన్నది, లోపలికి తిరిగి ఉంటుంది. అలాంటి పాదానికి ఎత్తు అడుగు పెట్టి బూటు కుట్టాలంటే ముందు ఆ పాదాన్నే పోలిన చెక్క అచ్చు ఒకటి ఉండాలి. తోలును దాని మీద లాగి, మేకులు కొట్టి కుడతారు. నా అచ్చు నాచారంలో దానియేలు పెద్దనాయన దుకాణంలో ఉంది. ఆయన నాకు చుట్టమేమీ కాదు. తొమ్మిదేళ్లప్పుడు మా నాన్న నన్ను మొదటిసారి అక్కడికి తీసుకెళ్లిన రోజు నుంచి అలాగే పిలుస్తున్నాను. ఇప్పుడు నాకు యాభై ఒకటి. ఆయనకు చూపు పోయి నాలుగేళ్లయింది. చివరి రెండు జతలూ ఆయన పక్కన కూర్చుని చేత్తో తడిమి చెబుతుంటే కోడలు సునీత కుట్టింది. అచ్చు ఉంటే సునీత కుడుతుంది, లేకపోతే నాకు బూటు లేదు. మధ్యలో ఒకసారి ఏదో క్యాంపులో ఉచితంగా ఇచ్చిన బూటు వేసుకుని బడి మెట్ల మీద పడి, పై పన్ను ఒకటి పోగొట్టుకున్నాను. లెక్కల టీచర్ని, రోజుకు ఆరు పీరియడ్లు నిలబడాలి.

నిన్న సాయంత్రం దానియేలు కొడుకు ప్రసాదు ఫోన్ చేశాడు.

“అక్కా, దుకాణం ఖాళీ చేస్తున్నం. సేటు బిల్డింగు కూలగొడ్తడట. రేపు పదింటికి తాళాలు ఇయ్యాలె. నీదేమన్న ఉంటే వచ్చి తీస్కపో.”

“నా అచ్చు పక్కకు పెట్టు ప్రసాదూ.”

“అన్నీ ఉన్నయక్కా, ఫికర్ జేయకు.”

ప్రసాదుకు కొరియర్ ఆఫీసులో పని. దుకాణంలో ఒక్క పూట కూర్చున్న మనిషి కాదు. అతను అంత ధైర్యంగా ‘అన్నీ’ అనడం విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

బీబీనగర్‌లో ఒక పెద్దమ్మ ఎక్కి నా పక్కన కూర్చుంది. కూర్చోగానే అనుకున్నట్టే అడిగింది. “కాలుకేమైంది బిడ్డా?”

“బెణికింది.”

“ఉప్పు కాపడం పెట్టు, తగ్గుతది.”

అలాగే అన్నాను. బస్సుల్లో నలభై ఏళ్లుగా నా కాలు బెణుకుతూనే ఉంది. నిజం చెబితే అయ్యో పాపం మొదలవుతుంది, అది వినడం నాకు చేతకాదు.

ఘట్‌కేసర్ దాటేసరికి ఎనిమిది. పోచారం దగ్గర ఐటీ కంపెనీల బస్సులు అడ్డం పడ్డాయి. మేడిపల్లికి ఎనిమిదీ ముప్పై ఐదు. అక్కడి నుంచి ఉప్పల్ దాకా ఫ్లైఓవర్ స్తంభాల పక్కన బస్సు నడిచే మనిషి కంటే నెమ్మదిగా కదిలింది. ఒకచోట డ్రైవర్ ఇంజన్ ఆపి నీళ్లు తాగాడు. నేను సెల్‌ఫోన్‌లో టైము చూడటం, బూటు చూడటం, మళ్లీ టైము చూడటం. ఉప్పల్ రింగురోడ్డులో దిగేసరికి తొమ్మిదీ ఇరవై. ఈ దారిలో వచ్చేవాళ్లు మేడిపల్లి తర్వాత కనీసం ముప్పావుగంట ఎక్కువ లెక్కేసుకోండి. టిఫిన్ మానేసి, నాచారం షేర్ ఆటోలో ముందు సీట్లో ఇరుక్కున్నాను. ఇరవై రూపాయలు.

దుకాణాలను అందరూ బోర్డులతో గుర్తుపెట్టుకుంటారు, నేను మెట్లతో. మొదటిసారి వచ్చినప్పుడు నాచారం పట్నం అంచున ఒక చిన్న ఊరు. ఫ్యాక్టరీ సైరన్ కూస్తే రోడ్డంతా సైకిళ్లు. కిరాణానికి మూడు మెట్లు. రేడియోలు బాగుచేసే కొట్టుకు రెండు, మొదటిది విరిగింది. కట్టెలమ్మే దుకాణానికి మెట్లు లేవు, బండ్లు లోపలికి పోవాలి కదా. నా బూటు రెండు మూడేళ్లు ఆగేది, కాబట్టి ఆ వీధిని రెండు మూడేళ్లకోసారి చూసేదాన్ని. రేడియో కొట్టు క్యాసెట్ల కొట్టయింది. తర్వాత వచ్చేసరికి ఎస్టీడీ బూత్, ఆపైన ఇంటర్నెట్ సెంటరు, జిరాక్సు, ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు. ఇన్ని మారినా ఆ విరిగిన మెట్టుకు ఒక్కరూ సిమెంటు వేయలేదు. గ్యాస్ వచ్చాక కట్టెల దుకాణం పోయి టైల్స్ షోరూము వచ్చింది. కిరాణం గాజు తలుపుల సూపర్ మార్కెట్టయింది.

రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేశారు. రోడ్డు లేచింది, దుకాణాలు దిగాయి. దానియేలు దుకాణానికి ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కేదాన్ని. ఇప్పుడు రెండు మెట్లు దిగాలి.

తొమ్మిదీ యాభైకి అక్కడ ఆటో దిగాను. బోర్డు లేదు. ఇద్దరు కూలీలు గడ్డపారతో షట్టరు చట్రం పీకుతున్నారు. బూట్లు కుట్టే ఇనుప మిషన్ రోడ్డు పక్కన ఒంటరిగా ఉంది. ప్రసాదు నవ్వుతూ ఎదురొచ్చి ఒక అట్టపెట్టె తెరిచి చూపించాడు. లోపల నున్నటి చెక్క అచ్చులు, తుడిచి జతలు జతలుగా పేర్చి ఉన్నాయి.

“మంచియన్నీ తీసి పెట్టినక్కా. సైనిక్‌పురిల కాఫీ షాపోళ్లు గోడకు పెట్టుకుంటరట. మస్తు నచ్చినయన్నరు.”

పెట్టె అడుగుదాకా వెతికాను. అన్నీ సమానమైన కాళ్లే. ఏ చెప్పుల షాపుకు పోయినా జోళ్లు దొరికే కాళ్లు.

“వంకరవి ఏవి ప్రసాదూ?”

“అవి ఖరాబైనయి గదక్కా! జత గిట్ట లేవు, ఒకటి పెద్దగ ఒకటి చిన్నగ. కట్టెల పొయ్యి హోటలామె పొద్దుగాల అడిగితే సంచి నింపి ఇచ్చేసిన.”

 కొంచెం గట్టిగానే అన్నాను. “మీ నాయిన పేరు నిలబెట్టినయే అవి! నా కాలు అండ్లనే ఉన్నది!”

అతని ముఖం పాలిపోయింది. “నేనురుకుతా అక్కా, నువ్వుండు.”

“నువ్వు మిషన్ కాడ ఉండు. అటు తిరిగినవంటే పాత ఇనుపోళ్లు ఎత్తుకపోతరు. ఏది మంచిదో ఏది ఖరాబో నీకేం తెలుసు?” ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అన్నాను.

సామాను మేడిపల్లిలో వాళ్లింటికి చేర్చడానికి ట్రాలీ ఆటో పోయి ఉంది, వేరే బండి లేదు, హోటలామె నంబరూ ప్రసాదు దగ్గర లేదు. హోటల్ మల్లాపూర్ వైపు, మామూలు మనిషికి ఐదు నిమిషాల దూరం. మధ్యాహ్నం బిర్యానీకి పదింటికి పొయ్యి వెలిగిస్తారని ప్రసాదే చెప్పాడు. తొమ్మిదీ యాభై ఎనిమిది అయింది.

సగం దూరంలో, సూపర్ మార్కెట్ ముందు, బూటు అడుగు పూర్తిగా ఊడిపోయింది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. రెండున్నర అంగుళాల తోలు, రబ్బరు. అది లేకపోతే నేను నడవగలిగే పద్ధతి ఒకటే: ఎడమ చెయ్యి మోకాలి మీద పెట్టి, అడుగడుక్కీ నడుం వంచి, ఒరిగి లేవడం. తొమ్మిదేళ్ల దాకా అలా నడిచాను. ఆ తర్వాత మా ఇంట్లో కూడా ఎవరి ఎదుటా అలా నడవలేదు. రోడ్డు మీద నిలబడి, ఆటో దొరుకుతుందేమోనని చూశాను. అన్నీ నిండుగా పోతున్నాయి. చెయ్యి మోకాలి మీద పెట్టాను.

పాత నాచారంలో దుకాణాలకు అద్దాలు లేవు. ఇప్పుడు ఉన్నవన్నీ అద్దాలే. టైల్స్ షోరూములో, మొబైల్ షాపులో, కళ్లజోళ్ల షాపులో వంగి లేచే ఆడమనిషి నా పక్కనే వస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఆగలేదు.

హోటల్ ముందు పెద్ద ఫ్లెక్సీ, ‘కట్టెల పొయ్యి బిర్యానీ’ అని. ఈ వీధిలో ముప్పై ఏళ్ల కింద మూతపడ్డ పొయ్యి ఇప్పుడు గొప్పగా బోర్డెక్కింది. పొయ్యి మండుతోంది. చీరకొంగు నడుముకు దోపిన ఒకావిడ దాని ముందు కూర్చుని చెక్కముక్క విసరబోతోంది.

“ఆపమ్మా, అది వెయ్యొద్దు!”

ఆవిడ ఉలిక్కిపడి ఆగింది. పేరు సత్యవతి, తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చి హోటల్ పెట్టుకున్నదట. అది తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా చేతిలో బూటు అడుగు, ఒరిగిన నడుము, చెమట చూసి భయపడినట్టుంది.

“ఏమైందండీ? ముందు కూర్చోండి.”

“అవి కట్టెలు కావు. మనుషుల కాళ్ల అచ్చులు. అవి లేకపోతే మాకు బూట్లు కుట్టలేరు.”

ఆవిడ చేతిలో ఉన్నదాన్ని చూసింది, నా కాలు చూసింది. వెంటనే పట్టకారుతో పొయ్యిలోంచి ఒకటి లాగి నీళ్లు పోసింది. మడమ లేదు, సగం బొగ్గు. నాది కాదు. “అయ్యయ్యో, చూసుకోలేదండీ, వంకర కట్టెలనుకున్నాను. రెండు ముందే వేసేశానండీ.”

సంచి కింద బోర్లించాం. ఆవిడ చేతిలోదానితో కలిపి పది ఉన్నాయి. ఒక్కోదాని మీద దానియేలు పెన్సిల్‌తో రాసిన గుర్తు. బోడుప్పల్ సైకిల్ అన్న. కూరగాయల ఎల్లమ్మ. చర్చి పాటల సారు. పేర్లన్నీ రెండుసార్లు చదివాను, ఆ పదింటిలో నాది లేదు. ముందే కాలిన రెండింటిలో ఒకటి నాదే అనుకుని మెట్టు మీద కూలబడ్డాను. అక్కడే, ఆడవాళ్లూ మగవాళ్లూ పోతున్న రోడ్డు పక్కన, ఏడ్చాను.

తల వంచుకుని ఉన్నప్పుడు కనిపించింది. ఉల్లిపాయలు తరిగే బల్లకు ఒక కాలు పొట్టి. దాని కింద ఒక చెక్క. చెక్క అంచు మీద పెన్సిల్ రాత: ‘ఆలేరు పాప’.

“మూడు రోజుల నుంచి బల్ల ఊగుతుందండీ,” అంది సత్యవతి నెమ్మదిగా. “సంచిలో ఇదొక్కటే సరిగ్గా సరిపోయిందండి.”

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆవిడ బల్ల ఎత్తి పట్టుకుంది, నేను అచ్చు లాక్కున్నాను. బల్ల ఒరిగి ఉల్లిపాయలు దొర్లాయి. చేతిలో ఉన్న బూటు అడుగును దాని కింద తోశాను. సరిపోయింది. సత్యవతి తన రబ్బరు చెప్పులు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, తాడుతో నా ఎడమ పాదానికి కట్టింది. పొద్దున ఇంటికోసం వండిన అన్నం తిని పొమ్మంది. టైము లేదంటే పొట్లం కట్టి సంచిలో పెట్టింది. ఎంత అడిగినా డబ్బు తీసుకోలేదు.

పదకొండున్నరకు ప్రసాదు, నేను, మిషన్, సంచి, నలుగురం ట్రాలీ ఆటోలో మేడిపల్లి బయల్దేరాం. దారిపొడుగునా అతను సంచి మూతి రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. నేనే, “ఇందాక ఎక్కువన్న, మనసుల పెట్టుకోకు,” అన్నాను. తలూపాడు.

మంచం మీద కూర్చున్న దానియేలు ఒళ్లో సునీత అచ్చులు ఒక్కొక్కటే పెట్టింది. ఆయన బొటనవేలితో నిమిరి, వెంటనే పేరు చెప్పాడు. నాది పట్టుకుని, “మా ఆలేరు పాప,” అన్నాడు. అన్నీ అయ్యాక చేతులు చాచి మళ్లీ అడిగాడు.

“పదకొండే. పద్నాలుగుండాలె. మౌలాలి రైల్వే సారు, రామంతాపూర్ టైలరమ్మ, చర్లపల్లి సైదులు. ముగ్గురేరి?”

ప్రసాదు గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేనే చెప్పాను. ముసలాయన ఒళ్లోని అచ్చులను మళ్లీ ఒకసారి తడిమాడు.

“వాళ్ల ఫోన్ నంబర్లు ఉన్నయా పెద్దనాయినా?”

“నంబరెందుకు బిడ్డా? బూటు అరిగినంక మనిషి దుకాణానికే వస్తడు.” రెండు అరచేతులూ చూపించాడు. “వాళ్ల కాళ్లు ఈ చేతులల్ల ఉన్నయి. ముందట కూసోని పాదం చేతికిస్తే, వడ్లాయనకు చెప్పి చెక్కిస్త. గాని నేనున్నదాకనే.”

మూడూ పదికి మేడిపల్లిలో వరంగల్ బస్సు ఎక్కాను. అచ్చు సునీత దగ్గరే వదిలాను, బూటుకు పదిహేను రోజులు అంది. చెప్పులు కట్టిన కాలు చూసి పక్కసీటు ఆమె అడిగింది. “ఏమైందక్కా కాలుకు?”

“పోలియో,” అన్నాను. “చిన్నప్పటి నుంచి.” ఆమె తలూపి జరిగి చోటిచ్చింది, అంతే. సత్యవతి పొట్లం విప్పి ఇద్దరం తిన్నాం. నలభై రెండేళ్లుగా ఆ దుకాణానికి నా ఒక్క కాలి కోసమే పోయి వచ్చాను. నాలాంటి కాళ్లు ఆ అలమరలో ఇంకా పదమూడు ఉన్నాయని ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు.

ఈ దారిలో వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. నాచారం దుకాణానికి పోకండి, అక్కడ ఏమీ లేదు. మేడిపల్లి బస్టాపులో దిగి, షూ దానియేలు ఇల్లు అని అడగండి. వాకిట్లో ఒక్కటే మెట్టు, కుడివైపు పట్టుకోవడానికి గోడ ఉంది. సైకిల్ అన్నా, ఎల్లమ్మా, పాటల సారూ, మీవి భద్రంగా ఉన్నాయి, మీ వీలు చూసుకుని రండి. రైల్వే సారూ, టైలరమ్మా, సైదులూ, మీ బూట్లు ఇంకా అరగకపోయినా సరే, మీరు మాత్రం వెంటనే రండి. ఆయనకు ఎనభై నాలుగేళ్లు.