వారం రోజులు మానేసిన మాత్ర

మా ఆయనకు మెదడులో గడ్డ తీశాక, ఫిట్స్ రాకుండా ఇచ్చిన మాత్ర ఒక్క పూట కూడా మానొద్దని డాక్టర్ చెప్పారు. రాయదుర్గంలో ఆయన గార్డుగా ఉన్న ఆఫీసులోనే నేను హౌస్‌కీపింగ్ చేస్తాను. మళ్లీ డ్యూటీలో చేరిన నెలకే, ఒక ఉదయం గేటు దగ్గర ఆయన పడిపోయి గిలగిలా కొట్టుకున్నారు. నేను పరుగున వెళ్లి పక్కకు తిప్పి పడుకోబెట్టాను.

దవాఖానలో తెలివి వచ్చాక అడిగితే, "మాత్రతోని నిద్రొస్తుంది. తూగుతున్నవని సూపర్‌వైజర్ తిట్టిండు. వారం సంది వేస్తలేను" అన్నారు.

"గా ముచ్చట డాక్టర్ సారుకు చెప్తే మందు మారుస్తుండె గద. నాకన్న ఎందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు పరేషాన్ అయితవని."

నాకు ఒళ్లు మండిపోయింది.

డాక్టర్ మందు మార్చారు. ఇప్పుడు ఆయన మింగేదాకా నేను ఎదురుగా నిలబడతాను. "నేనేమన్న పోరగాన్నా?" అని విసుక్కుంటారు. ఆ ఉదయం ఆయనకు కొంచెం కూడా గుర్తు లేదు. మరిచిపోలేక అవస్థ పడేది నేనే.