కార్డు మీద కుంకుమ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మద్దిలపాలెంలోని ఓ కంప్యూటర్ సర్వీసు షాపులో పనిచేసేవాణ్ణి. లినక్స్ తెలుసని నాకు తెగ పొగరు. వైజాగ్‌లో మిగతా ఇంజినీర్లంతా స్క్రూడ్రైవర్ పట్టుకున్న పూజారులని నా అభిప్రాయం. ఏం పాడైనా మిషను ఆపి, మళ్లీ ఆన్ చేసి, దండం పెట్టడమే వాళ్లకొచ్చిన వైద్యం.

ఫిషింగ్ హార్బర్ దగ్గరి ఐసు ఫ్యాక్టరీ మా కస్టమరు. ఏ బోటుకి ఎప్పుడు ఐసు వెళ్లాలో ఆ వరసంతా అక్కడి లినక్స్ మిషన్లో ఉండేది. దాన్ని చూసుకునే గుమస్తా యాభై దాటిన మనిషి. ఐసు క్రషర్ దగ్గర కూలీగా చేరి, టైపు నేర్చుకుని, ఆ కుర్చీ దాకా వచ్చానని చెప్పుకుని మురిసిపోయేవారు.

ఆ మిషను ఏడాదికి ఒక్కసారే ఆగేది, ఆయుధపూజకి. ఆ దసరాకి ఆయన మూత తీసి, దుమ్ము తుడిచి, లోపల కార్డుకి కూడా పసుపు కుంకుమ పెట్టారు. మర్నాడు ఆన్ చేస్తే డిస్కులు లేవంది. నేను వెళ్లి చూద్దును కదా, డిస్కుల్ని నడిపించే కార్డు మీద ఎర్రటి బొట్టు! ఇంకేం చూడాలి? సర్వీసు రిపోర్టులో ‘కుంకుమ పడి కార్డు పాడైంది’ అని రాసి సంతకం గీకేశాను.

"నానేటి సేసినాను బాబూ? ఏటా ఎట్టినట్టే ఎట్టినాను," అన్నారాయన.

"ఇదేమన్నా పిండిమర అనుకున్నారా?" అని వెటకారం చేశాను.

ఓనరు ఆ కాగితం చదివి, మధ్యాహ్నానికల్లా ఆయన్ని మళ్లీ క్రషర్ దగ్గరికి పంపేశాడు.

కొత్త కార్డు తెప్పించి పెట్టాను. దానికి బొట్టు లేదు, అయినా డిస్కులు కనపడలేదు. అప్పుడు కూర్చుని డ్రైవర్, అంటే మిషనుకి కార్డుని గుర్తుపట్టించే ప్రోగ్రాము, లైను లైనూ చదివాను. ఈ కార్డులు చేసే ఘనులు పెట్టె మార్చరు, పేరు మార్చరు, లోపలి చిప్పు మాత్రం చెప్పాపెట్టకుండా మార్చేస్తారు. డ్రైవర్లో తనకి తెలిసిన చిప్పుల నంబర్ల జాబితా ఉంటుంది. మా పాత కార్డుకీ కొత్త కార్డుకీ ఉన్నది ఒకటే చిప్పు, దాని నంబరు డ్రైవర్ పాత వెర్షన్లో ఉంది. కొత్త వెర్షన్లో ఎవరో మహానుభావుడు జాబితా శుభ్రం చేస్తూ దాన్ని ఎత్తేశాడు. ఆ కొత్త వెర్షను ఎక్కించిన మొనగాణ్ణి నేనే, పండక్కి రెండు నెలల ముందు. మిషను ఆపి ఆన్ చేస్తేగానీ కొత్తది పనిలోకి రాదు, ఎక్కించాక ఒక్కసారి అలా చేసి చూడాలన్న బుద్ధి కూడా లేకపోయింది. పూజారులే నయం.

తీసేసిన లైను తిరిగి రాసి, పాత కార్డే పెట్టాను, కుంకుమతో సహా. రెండు డిస్కులూ నిక్షేపంలా వచ్చాయి. తర్వాత ఆ లైను డ్రైవర్ రాసేవాళ్లకి మెయిల్లో పంపితే, ముక్కూ మొహం తెలియని ఒకాయన ‘తప్పు నాదే’ అని వాళ్లంతా చదివే మెయిల్లోనే ఒప్పుకుని, చేర్చుకున్నాడు.

ఆ రోజు మిషను నడవగానే, "బొట్టు వల్లేగా?" అన్నాడు ఓనరు. నేను సంచి సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను. షాపులో పరువు పోతుందని భయం. అంతటి పరువు మరి నాది!

బయట గుమస్తాగారు లుంగీ ఎగ్గట్టి ఐసు దిమ్మని క్రషర్లోకి తోస్తున్నారు. నన్ను చూసి ఆగారు.

"బాగైనాదా బాబూ?"

"అయిందండి."

"అమ్మయ్య. ఇంకెప్పుడూ ఎట్టన్లే బాబూ బొట్టు," అన్నారు.

ఆ డ్రైవర్లో సరిచేసినవాడిగా నా పేరు ఇప్పటికీ ఉంది. ఆ రిపోర్టు మాత్రం నేను సరిచెయ్యలేదు.